మూడు సున్నాలు

పోటీ మొదలయ్యే రోజు పొద్దున్నే షూటింగ్ రేంజిలోని పెద్ద కంప్రెసర్ చచ్చి ఊరుకుంది. యంత్రాలకు బుద్ధి ఉండదంటారు గానీ, ఉంటుంది. చెడిపోవడానికి అవి ఎంచుకునే రోజు చూస్తే తెలుస్తుంది. అడిగేవాడు లేనన్నాళ్లూ చక్కగా తిరిగి, ఎక్కడెక్కడి షూటర్లూ తుపాకీ పెట్టెలతో దిగిన పూట లోపలేదో విరిగినట్టు టంగుమని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. ఆ చప్పుడుకు గాలి నింపే గది గుమ్మంలో ఉన్న మేనేజరు మొహం సున్నం కొట్టినట్టయింది.

"అవుతుందా?" అన్నాడాయన.

ఆయన్ని రేంజిలో అందరూ చాటుగా 'అయిందా గారు' అంటారు. పని మొదలుపెట్టకముందు 'అవుతుందా' అంటాడు, మొదలుపెట్టిన దగ్గర్నుంచి 'అయిందా' అంటాడు. మధ్యలో ఇంకో మాట ఆయన నోట విన్నవాళ్లు తక్కువ.

"అవుతుంది లెండి," అంది తూనీగ, అప్పటికే యంత్రం మూత విప్పుతూ.

తూనీగ అంటే గాలి నింపే గదిలో మెకానిక్. నలభై దాటిన ఆడమనిషిని పట్టుకుని తూనీగ అనడమేమిటంటే, అది వాళ్ల అన్న చిన్నప్పుడు పెట్టిన పేరు. ఒక్కచోట వాలదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే తిరుగుతుంది, తిరుగుతూ తిరుగుతూ ఇంకొకరి పని కూడా చేసేస్తుంది. మామూలు రోజే అలా ఉండే మనిషి ఆ రోజు పొద్దున్నుంచి కాలుగాలిన పిల్లిలా ఉంది. అందుకు కారణం చచ్చిన కంప్రెసర్ కాదు. కారణం, అదే గదిలో తనతో పాటు పనిచేసే అన్న నడుముకు వేలాడుతున్న స్పానరు.

అది అరచేతిలో పట్టే చిన్న స్పానరు. ఇంకెవరూ ఎత్తుకుపోకుండా అన్న దాన్ని తాడుతో బెల్టుకు కట్టుకుంటాడు. ఎప్పుడో కట్టిన ముడి, ఇంతవరకు విప్పలేదు. ఇంటికి కూడా దానితోనే పోతాడు. పొద్దున తూనీగ బండి మీద అన్నను ఎక్కించుకోవడానికి వెళ్లినప్పుడు, ఆయన చెప్పులు వెతుక్కుంటూ లోపల ఉండగా, వదిన గేటు దగ్గరికి వచ్చి బండి హ్యాండిల్ పట్టుకుంది.

"ఇవాళ్టితో ఆపించు," అంది.

"పోటీ రోజునా వదినా?"

"పోటీ అయ్యాకే చెప్పు. నేను చెబితే కొట్టిపారేస్తాడు. నువ్వు చెబితే వింటాడు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు ఆయన నడుముకి ఆ స్పానరు ఉండకూడదు. అంతే."

తూనీగ ఊ అంది. అనక ఏం చేస్తుంది? కిందటి నెల బల్బు కొనడానికి వెళ్లిన అన్న తాను రోజూ తిరిగే సందు మొదట్లో ఎటు పోవాలో తెలియక నిలబడిపోతే, మందుల షాపావిడ చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చింది. డాక్టరు చూసి, మతిమరుపు మొదలైందమ్మా, నెమ్మదిగా పెరుగుతుంది, ప్రమాదమున్న పనులకి దూరంగా ఉంచండి అన్నాడు. గాలి నింపే గదిలో ప్రమాదం కానిదేదో ఆ డాక్టరుకు తెలిస్తే చెప్పేవాడే. ఈ తుపాకుల్లో మందుగుండు ఉండదు. గొట్టం కింద చిన్న ట్యాంకు ఉంటుంది, అందులో కుక్కిన గాలే గుండును తోస్తుంది. ఆ గాలి ముందు కారు టైరులో గాలి పసిపిల్ల ఊపిరి. పైపు జాయింటు ఒకటి గాలి ఉండగా ఊడి వచ్చిందంటే, అది ఎటు పోతే అటు ఉన్నది పోతుంది. వేలుంటే వేలు, కన్నుంటే కన్ను. అన్న గడ్డం మీద ఉన్న మచ్చ అలాంటిదే, కుర్రతనంలోది. ఒక్క అంగుళం కిందికి, గొంతుకు తగిలి ఉంటే ఆ కథ చెప్పడానికి ఆయన ఉండేవాడు కాడు.

ఆ గదిలో ఇంకా పనిచేస్తానంటున్నది సందు మరిచిపోయే మనిషి. ఆయన చేతులు పోతే? మొహం పోతే? వద్దని చెబితే ఆయన ప్రాణం ఉసూరుమంటుంది, చెప్పకపోతే ప్రాణమే పోతుందేమో. తూనీగకు ఆ పూట లోకంలో ఉన్న దిగులంతా ఇదొక్కటే.

పెద్ద కంప్రెసర్‌ను విప్పి చూస్తే పిస్టన్ రింగు ముక్కలైంది. అది ఆ రోజు లేచేది కాదు. మిగిలినవి మూడు చిన్నవి. ఒకటి రేంజిది, ఒకటి అన్న ఇంటి దగ్గర పెట్టుకున్న రిపేరు కొట్టులోది, ఒకటి ఒక కోచ్‌ను బతిమాలి తెచ్చింది. విడిగా చూస్తే మూడూ ఆయాసం మనుషులే. కాసేపు తిరిగితే వేడెక్కిపోతాయి, ఆపి చల్లారనివ్వాలి. గది మూలనున్న పెద్ద సిలిండర్ నిండితే గానీ దాన్నుంచి తుపాకుల ట్యాంకులు నింపడం కుదరదు. ఒక్కొక్కదానితో ఆ సిలిండర్ నింపాలంటే పోటీ అయిపోయి షూటర్లు ఇళ్లకు చేరాక నిండుతుంది.

"మూడూ కలిపి పెట్టేస్తే పోలా?" అన్నాడు అయిందా గారు, మూడు బిందెల నీళ్లు ఒక తొట్లో పోసినంత తేలిగ్గా.

"అదే చేస్తున్నా. చిటికెలో అయిపోతుంది," అంది తూనీగ.

"చిటికెలో అయ్యేవి చిటికెలే," అన్నాడు అన్న, కళ్లజోడు తుడుచుకుంటూ.

అన్నది నింపాది. ఇద్దరూ ఒక కడుపున పుట్టారంటే నమ్మడం కష్టం. ఆవిడ పరుగెత్తిన దారిని ఆయన వెనకాల నడుచుకుంటూ వచ్చి, దారిలో పారేసుకున్నవన్నీ ఏరుకొస్తాడు. ఆవిడకు పని నేర్పింది కూడా ఆయనే. నేర్పినప్పుడు మొదటి రోజున చెప్పిన మాట ఒకటుంది. ఎవరు బిగించిన జాయింటు వాళ్లే విప్పాలి. బిగించిన చేతికి తెలుస్తుంది అది ఎంతవరకు తిరిగిందో, దాని వెనక ఏముందో. తాను బిగించిన ప్రతి జాయింటు మీదా ఆయన ఎర్ర రంగుతో చిన్న గీత గీస్తాడు. తూనీగది నీలం గీత. ఎర్ర గీత ఉన్నదాని జోలికి నీలం పోకూడదు, నీలం ఉన్నదాన్ని ఎర్ర ముట్టుకోకూడదు. బయటివాళ్లకు ఇదంతా చాదస్తంగా కనిపిస్తుంది. కనిపించనీ. ఆ గదిలో ఇన్నేళ్లుగా అందరికీ పది వేళ్లూ ఉన్నాయి.

కలపడానికి తూనీగ దగ్గర ఒక ఇనుప దిమ్మ ఉంది. మూడు వైపుల నుంచి మూడు కంప్రెసర్ల పైపులు దాంట్లోకి వస్తాయి, నాలుగో వైపు నుంచి ఒక పైపు సిలిండర్‌కు పోతుంది, ఐదో పైపు తుపాకులకు. అయితే చిక్కొకటుంది. వేడెక్కిందని ఒక కంప్రెసర్‌ను ఆపితే, మిగతా రెండూ తోసే గాలి సిలిండర్‌లోకి పోవడం మానేసి ఆగినదాని కడుపులోకి దూరుతుంది. అలా దూరకుండా ఒక్కొక్క పైపుకు ఒక్కొక్క వన్‌వే వాల్వు పెట్టాలి. అది గాలిని దిమ్మలోకి రానిస్తుంది, వచ్చినదాన్ని వెనక్కి పోనివ్వదు. కొన్ని ఇళ్లకు చుట్టాలు వచ్చినట్టన్నమాట.

తూనీగ వాల్వులు పెడుతుంటే అన్న వంగి చూశాడు.

"ఇవి పెడితే కంప్రెసర్ల గేజీల మాట ఇక నమ్మకూడదు," అన్నాడు. "యంత్రం ఆపి, దాని కింద స్క్రూ విప్పి గాలి వదిలేస్తే, దాని ముల్లు సున్నాకి పడిపోతుంది. ఇన్నాళ్లూ అది సున్నా అంటే పైపంతా సున్నా. ఇప్పుడు అలా కాదు. వాల్వుకి అవతల దిమ్మలో గాలి అలాగే ఉంటుంది. దిమ్మకి వేరే గేజీ పెట్టు. గాలి వదలడానికి వేరే స్క్రూ పెట్టు."

"పెట్టాను అన్నయ్యా. ఇదిగో."

"మంచిది. టీ తాగావా?"

"తాగాను."

ఆయన చెప్పినదంతా అక్షరాలా నిజం. ఒక్క కంప్రెసర్‌తో ఏళ్ల తరబడి పనిచేసిన చేతులకు 'సున్నా చూడు, విప్పు' అన్నది ఊపిరి తీసుకున్నంత అలవాటు. అలవాటు మాట మీద చెయ్యి ముందుకు పోతుంది, బుర్ర తరవాత వస్తుంది. తూనీగ మనసులో గట్టిగా అనుకుంది, ఈ సంగతి అన్నయ్య ఇవాళ మరిచిపోకుండా చూసుకోవాలి అని. దిమ్మ గేజీ వైపు వేలు చూపించి ఆయనకు మళ్లీ మళ్లీ చెప్పింది కూడా. చెప్పినదాన్నే తిరిగి తనకు చెబుతుంటే ఆయన చెల్లెలి మొహంలోకి ఒకసారి చూసి, ఐదో పైపు దిమ్మకు బిగించి, ఎర్ర రంగు సీసా మూత తీశాడు.

మూడు కంప్రెసర్లూ ఒకేసారి మొదలయ్యాయి. గది గదంతా వణికింది. కిటికీ అద్దం, బల్ల మీద గ్లాసు, గోడకు తగిలించిన రేంజి నియమాల బోర్డు, అన్నీ గలగలా మోగాయి. దిమ్మ గేజీ ముల్లు మెల్లగా మూడు వందల వైపు లేచింది. పైపులు వేడెక్కుతుంటే తూనీగ బకెట్లో గుడ్డలు తడిపి వాటి మీద వేసింది. ఒక యంత్రం బాగా వేడెక్కితే దాన్ని ఆపి, మిగతా రెండిటితో నడిపి, అది చల్లారాక మళ్లీ కలిపింది. పద్ధతి పనిచేసింది. సిలిండర్ నిండుతోంది. షూటర్లు వరసగా ట్యాంకులు తెచ్చి బల్ల మీద పెట్టి వెళుతున్నారు. అన్న వాటిని ఒక్కొక్కటిగా ఐదో పైపుకు బిగించి నింపుతున్నాడు.

సంతోషించాల్సిన సమయం. తూనీగకు మాత్రం కాలు నిలవడం లేదు. కళ్లు అన్న చేతుల వెంట పోతున్నాయి. ఆయన ఒక జాయింటు బిగించి అటు తిరగ్గానే ఈవిడ వెళ్లి దాన్ని తడిమి చూస్తోంది. ఆయన వాల్వు తిప్పితే సరైన వైపు తిప్పాడో లేదోనని మెడ చాచుతోంది. పొద్దున్నుంచి నిలబడే ఉంది, నిలబడ్డ చోట మాత్రం లేదు.

"టీ తాగావా?" అన్నాడు అన్న.

"తాగానని చెప్పాను కదా."

"చెప్పావా? సరే."

కాసేపటికి ఆయన జేబులు తడుముకోవడం మొదలుపెట్టాడు. కళ్లజోడు లేదు. బల్ల మీద లేదు, పెట్టెలో లేదు. చివరికి తడిగుడ్డల బకెట్లో అడుగున దొరికింది. ఆయన నవ్వాడు.

"దానికీ వేడెక్కినట్టుంది," అన్నాడు.

తూనీగ కూడా నవ్వి, కళ్లజోడు తుడిచి ఆయన చేతికిచ్చింది. అంతలోనే ఇంకొకటి. చల్లారిన మూడో కంప్రెసర్‌ను అన్న మొదలుపెట్టాడు, కింద స్క్రూ మూయడం మరిచిపోయాడు. గాలి బుస్సుమని నేల మీదికి పోతోంది, దాని గేజీ ముల్లు లేవదు. ఆయన ముల్లు వైపు చూస్తూ, ఇదేమిటి లేవడం లేదు అన్నట్టు నిలబడ్డాడు. దాని వల్ల వచ్చిన ప్రమాదమేమీ లేదు. తూనీగ వంగి స్క్రూ మూసింది. ముల్లు లేచింది. ఆయన అది చూశాడు, స్క్రూ మీద ఉన్న ఆవిడ చేతిని చూశాడు.

"అయిందా?" అన్నాడు గుమ్మంలోంచి మేనేజరు.

"అవుతోందండీ."

ఇంకాసేపటికి తూనీగ ఎర్ర గీత ఉన్న జాయింటు మీద తన స్పానరు పెట్టి, బిగుతు సరిపోయిందో లేదో కొంచెం కదిపి చూస్తుండగా అన్న వెనక్కి తిరిగాడు.

"నేను బిగించింది నువ్వెందుకు చూస్తున్నావు?"

"ఊరికే."

"ఊరికే ఎవరూ స్పానరు పట్టుకోరు తూనీగా."

ఆవిడకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చెప్పేద్దామా అనుకుంది. అన్నయ్యా, నీకు ఏమైనా అవుతుందని నాకు భయంగా ఉంది, పొద్దున్నుంచి గుండె గుప్పెట్లో పెట్టుకుని తిరుగుతున్నాను అని. యంత్రాల రొదలో ఆ మాట అరిచి చెప్పాలి. అరిచి చెప్పే మాటా అది? గుడ్డలు తడపడానికి బకెట్ దగ్గరికి పోయింది. తడిపిన గుడ్డల్లో ఒకదాన్ని తీసుకొచ్చి, కాలిపోతున్న దిమ్మ మీద కప్పింది. దిమ్మతో పాటు దాని గేజీ కూడా గుడ్డ కింద పడింది. అది ఆవిడ చూడలేదు. చూడాల్సిన కళ్లు అన్న వీపు మీద ఉన్నాయి.

మధ్యాహ్నానికి ఆఖరి రౌండు ట్యాంకులు మిగిలాయి. అవి నిండితే పోటీ గట్టెక్కినట్టే. అప్పుడు ఐదో పైపు మొదట్లో, దిమ్మను కలిసేచోట, సన్నగా ఈల మొదలైంది. లోపలి రబ్బరు రింగు అరిగినట్టుంది. ఈల వింటూ నింపడం కుదరదు, రింగు మార్చాల్సిందే.

"రింగులు బీరువాలో ఉన్నాయి. తెస్తాను," అని అన్న బయటికి వెళ్లాడు.

బీరువా వరండా చివర. పోయి రావడానికి ఎంతసేపు? తూనీగ మూడు యంత్రాలూ ఆపింది. గది ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది, చెవుల్లో మిగిలిన రొదలో ఈల సంగతి ఆవిడ పట్టించుకోలేదు. సిలిండర్ వాల్వు మూసేసింది. అన్న రాలేదు. గుమ్మం వైపు చూసింది. వరండాలో షూటర్లు, వాళ్ల తల్లిదండ్రులు, కోచ్‌లు. అన్న కనబడలేదు. బీరువా గుర్తుందా? వరండాలో ఎటు పోవాలో తెలియక ఎవరి ముందైనా నిలబడ్డాడా? బయటి గేటు తెరిచే ఉందే.

"అయిందా? ఫైనల్ వాళ్లు అడుగుతున్నారు," అన్నాడు మేనేజరు.

"అవుతోంది. మా అన్నయ్య కనబడ్డాడా అండీ?"

"చూళ్లేదే," అంటూ ఆయన వెళ్లిపోయాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. తూనీగ వంగి మూడు కంప్రెసర్ల స్క్రూలూ గబగబా విప్పింది. బుస్, బుస్, బుస్. మూడు ముళ్లూ పడిపోయాయి. సున్నా, సున్నా, సున్నా. ఎన్నేళ్లుగానో చూస్తున్న సున్నా. చెయ్యి దానంతటదే ఐదో పైపు జాయింటు మీదికి పోయింది. జాయింటు విప్పేసి ఉంచితే, అన్నయ్య రాగానే రింగు పెట్టడమే, రాకపోతే తనే వెళ్లి వెతకొచ్చు. స్పానరు పెట్టి లాగింది. కదల్లేదు. మొండికేసింది. ఇంకో రోజయితే అక్కడే ఆగేది, విప్పుతుంటే మొండికేసిన జాయింటు వెనక ఏముంటుందో ఆవిడకు నేర్పనక్కర్లేదు. ఆ రోజు మాత్రం పెట్టెలోంచి పెద్ద స్పానరు తీసింది. పిడి పొడుగుదైతే బలం ఎక్కువ. దాన్ని తగిలించి, మొహం జాయింటుకు దగ్గరగా పెట్టి, కళ్లు గుమ్మానికి అప్పగించి, భుజం బలమంతా పెట్టబోయింది.

గుమ్మంలో అన్న కనిపించాడు. చేతిలో రింగుల డబ్బా ఉంది. ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఎక్కడికి పోయావు అన్నయ్యా? ఎంతసేపు?"

డబ్బా అక్కడే నేల మీద పడేసి, ఆ నింపాది మనిషి, జీవితంలో పరుగెత్తగా ఆవిడ చూడని మనిషి, రెండంగల్లో గది దాటి వచ్చి ఆవిడ చేతి మీద చెయ్యి వేసి నొక్కి పట్టాడు.

"అది నేను బిగించింది," అన్నాడు.

"ఎవరు బిగిస్తే ఏంటిప్పుడు? టైము లేదు. మూడూ సున్నాలో ఉన్నాయి, చూడు."

"ఎర్ర గీత. నేను బిగించింది. చెయ్యి తియ్యి."

గొంతు పెంచలేదు. కానీ చిన్నప్పుడు తూనీగ వేడి సోల్డరింగు కడ్డీ పట్టుకోబోయినప్పుడు అన్న గొంతు అదే. ఆవిడ చెయ్యి తీసింది. ఆయన ఆవిడను పక్కకు జరిపి, జాయింటు ఎదురుగా కాకుండా ఓ పక్కగా నిలబడి, అలవాటుగా దాని మీద అరచెయ్యి ఆనించాడు. తరవాత చుట్టూ చూశాడు. దిమ్మ మీది తడిగుడ్డ ఎత్తాడు.

గుడ్డ కింద ముల్లు మూడు వందల దగ్గర ఉంది.

వన్‌వే వాల్వులకూ మూసిన సిలిండర్‌కూ మధ్య, ఆ దిమ్మలో, ఆ పైపుల్లో చిక్కుకున్న గాలి. చూస్తే చెంబెడు కూడా ఉండదు. స్పానరు ఒక్క వంతు తిరిగి ఉంటే ఆ పైపు మొన తూనీగ మొహంలో నుంచి పోయేది. ఆవిడ బల్ల పట్టుకుని నేల మీద కూలబడింది.

అన్న దిమ్మ స్క్రూను కొద్ది కొద్దిగా తిప్పాడు. గాలి చాలాసేపు పోయింది. ముల్లు సున్నా చేరాక, ఆయన నడుముకున్న స్పానరుతో జాయింటు విప్పాడు. ఇప్పుడది వేళ్లతోనే తిరిగింది. పాత రింగు తీసి, కొత్తది పెట్టి, బిగించి, ఎర్ర గీత పాతదాని మీదే మళ్లీ గీశాడు.

"నాకే తెలియాల్సింది," అంది తూనీగ. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు. "పొద్దున్నుంచి నీకు చెబుతున్నాను నేను. దిమ్మ గేజీ చూడు, దిమ్మ గేజీ చూడు అని. నీకేమవుతుందోనని చచ్చిపోతున్నాను అన్నయ్యా. నువ్వు గుర్తుపెట్టుకున్నావు, నేను మరిచిపోయాను."

"నేను గుర్తుపెట్టుకోలేదు."

ఆవిడ తలెత్తింది.

"దిమ్మ సంగతి నాకు గుర్తు రాలేదు," అన్నాడు అన్న. "ఆ వాల్వుల సంగతీ గుర్తు లేదు. గుమ్మంలోంచి చూస్తే ఎర్ర గీత మీద నీ చెయ్యి కనబడింది. అందుకని వచ్చాను. ఆ గీత నీలమైతే గుమ్మంలోనే నిలబడి చూసేవాణ్ని."

అబద్ధం చెబితే ఎంత బాగుండేదో. ఆ ఒక్క అబద్ధం చెప్పి ఉంటే ఆయన ఆ గదికి ఇంకో పదేళ్లు రాజులా ఉండేవాడు, అడ్డుచెప్పే నోరు తూనీగకు ఇక ఉండేది కాదు. కానీ ఆ మనిషికి తెలియని విద్య అదొక్కటే.

ఆయన వెళ్లి స్విచ్చులు వేశాడు. వేసే ముందు సిలిండర్ వాల్వు తెరిచి, దిమ్మ స్క్రూతో సహా అన్ని స్క్రూలూ మూసి ఉన్నాయో లేదో వేలు పెట్టి లెక్క చూసుకుని, తూనీగ వైపు చూశాడు. ఆవిడ తలూపింది. యంత్రాలు అందుకున్నాయి. ఆఖరి ట్యాంకులు ఒక్కొక్కటే నిండాయి. ఈసారి తూనీగ కళ్లు దిమ్మ ముల్లు మీంచి కదల్లేదు. అన్ని ట్యాంకులూ బల్ల మీదికి చేరాక అన్న యంత్రాలు ఆపి, స్టూలు లాక్కుని చెల్లెలి ఎదురుగా కూర్చున్నాడు.

"మీ వదిన గేటు దగ్గర ఏమందో చెప్పు."

తూనీగ బకెట్లోంచి గుడ్డ తీసి పిండడం మొదలుపెట్టింది.

"డాక్టరు చెప్పింది నేనూ విన్నాను," అన్నాడాయన. "నాకొచ్చింది మతిమరుపు, చెవుడు కాదు. మీరిద్దరూ గుసగుసలాడుతుంటే ఏమిటో తెలియదనుకున్నారా?"

"సాయంత్రం చెబుదామనుకున్నా. ఇప్పుడు నేను చెప్పను. నా మొహం ఉందంటే నీ వల్లే ఉంది."

"అదే చెబుతున్నా విను. నీ పని నాకు తెలియదా? జాయింటు మొండికేస్తే పెద్ద స్పానరు తీసే మనిషివి కాదు నువ్వు. ఇవాళ ఎందుకు తీశావు? నీ కళ్లు గేజీ మీద లేవు. పొద్దున్నుంచి నా మీదే ఉన్నాయి. నేనేమవుతానో అని చూస్తూ నీ మొహం ఇచ్చేయబోయావు. నేనీ గదిలో ఉన్నంతసేపూ నువ్వు గేజీ చూడవు తూనీగా. రేపూ చూడవు."

అదంతా నిజమే. తూనీగ చేతిలోని గుడ్డతో మొహం తుడుచుకుంది.

అన్న నడుము దగ్గర తాడు పట్టుకుని ముడి వెతుక్కున్నాడు. చెమట, నూనె, ఏళ్ల దుమ్ము పట్టి ఆ ముడి రాయిలా అయిపోయింది. గోరు పెట్టి లాగాడు. జారింది. మళ్లీ పట్టుకున్నాడు, మళ్లీ జారింది. వేళ్లు దారి తప్పుతున్నాయి. చూడలేక తూనీగ చెయ్యి చాచింది.

ఆయన ఒళ్లు పక్కకు జరుపుకున్నాడు.

"ఉండు. నేను కట్టిందే."

తూనీగ చెయ్యి వెనక్కి తీసుకుంది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, లేవకుండా, కదలకుండా కూర్చుంది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అంతసేపు కదలకుండా కూర్చోవడం అదే మొదలు. బయట ఫైనల్ మొదలైనట్టుంది, గుండ్లు గురి అట్టలకు తగిలిన చప్పుడు ఒకటొకటిగా వినిపిస్తోంది. అన్న తల వంచుకుని ముడితో తంటాలు పడుతూనే ఉన్నాడు.

చివరికి తాడు ఒక పోగు వదులైంది. తరవాత రెండోది. స్పానరు ఊడి ఆయన అరచేతిలోకి వచ్చింది. దాన్ని చొక్కా అంచుతో తుడిచి చెల్లెలి చేతిలో పెట్టాడు.

గుమ్మంలో మేనేజరు తల కనబడింది.

"అయిందా?"

తూనీగ నోరు తెరిచే లోపల అన్న స్టూలు మీంచి లేచాడు.

"అయిందండీ," అన్నాడు.

తరవాత చెల్లెలి వైపు తిరిగి, టీ తాగావా అని అడిగాడు. లేదు అన్నయ్యా, ఇంకా తాగలేదు అంది తూనీగ.